కింద ఎగుడుదిగుడు గచ్చు, పైన వినైల్ పలకలు: ఆ చప్పుడు ఎక్కడి నుంచి వస్తుంది?

విజయవాడలో మా పెద్దమ్మ వాళ్ళు కింది వాటా అద్దెకిచ్చి పైన ఉంటారు. మెట్లెక్కి హాల్లోకి అడుగుపెట్టాక మూడో అడుగు దగ్గర నేల ‘టక్’మంటుంది. పాత గచ్చు మీద చెక్కలా కనిపించే వినైల్ పలకలు పరిపించి అప్పటికి ఎనిమిది నెలలే అయింది. మొదట ఆ ఒక్కచోటే చప్పుడొచ్చేదట. తర్వాత పక్క పలక కూడా కదలడం మొదలైంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు పెద్దమ్మ అడిగింది: “నీకివన్నీ తెలుసు కదరా, ఇది పలక తప్పా, వేసినవాళ్ళ తప్పా?”

గోడవారన స్కర్టింగ్ తీసి నాలుగు వరుసలు విప్పాం. చప్పుడొచ్చే చోట పలక అంచున ఉండే సన్నటి నాలుక విరిగి, గోరంత ముక్కలుగా అక్కడే పడి ఉంది. విరిగిన అంచు నుంచి సుద్దలాంటి తెల్లటి పొడి రాలుతోంది. కింద వేసిన ఫోమ్ నలిగి కాగితంలా అయిపోయింది. దాన్ని పక్కకు లాగి, గచ్చు మీద పదడుగుల అల్యూమినియం పట్టీ నిలబెట్టి, పట్టీకీ గచ్చుకీ మధ్య రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి దూర్చి చూశాను. ఐదు పట్టాయి. రూపాయి బిళ్ళ మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు కాబట్టి అక్కడ పల్లం 7 మి.మీ. పైనే ఉంది.

పలక మంచిదే, వేసినవాళ్ళూ చేయి తిరిగినవాళ్ళే. పరిచే ముందు కింది గచ్చుని కొలవాల్సిన పద్ధతిలో మాత్రం ఎవరూ కొలవలేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో పాత మొజాయిక్‌నో, గచ్చునో పగలగొట్టకుండా రెండు రోజుల్లో కొత్త నేల వస్తుందన్న ఆశతో ఈ పలకలు వేయిస్తున్నారు. షాపులో మాటంతా పలక మందం, రంగు, వాటర్‌ప్రూఫ్ చుట్టూనే తిరుగుతుంది. కింది నేల ఊసు ఎవరూ ఎత్తరు. ఈ వ్యాసం ఆ కింది నేల గురించి.

పలకలో ఏముంది, అది దేన్ని పట్టుకుని నిలబడుతుంది

వినైల్ అంటే పీవీసీ, మన నీళ్ళ పైపుల్లో వాడే ప్లాస్టిక్కే. నేల మీద పరిచే వినైల్ పలకల్లో ఇప్పుడు ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి 2, 3 మి.మీ. మందంతో మెత్తగా వంగేది, దీన్ని జిగురుతో గచ్చుకి అతికిస్తారు. రెండోది ఎస్‌పీసీ. సున్నపురాయి పొడిని పీవీసీతో కలిపి గట్టి బిళ్ళగా నొక్కి, పైన చెక్క బొమ్మ ముద్రించిన పొర, దాని మీద గీతలు పడకుండా 0.3 లేదా 0.5 మి.మీ. పారదర్శక పొర వేస్తారు. మొత్తం మందం 4 నుంచి 6 మి.మీ. ఉంటుంది. పెద్దమ్మ ఇంట్లో రాలిన తెల్ల పొడి ఆ సున్నపురాయే.

ఎస్‌పీసీ పలకని సాధారణంగా గచ్చుకి అతికించరు. ఒక పలక అంచున నాలుక, రెండోదాని అంచున గాడి ఉంటాయి. రెండూ ‘క్లిక్’మని కలుస్తాయి. గది మొత్తం ఇలా కలిసి ఒకే చాపలా గచ్చు మీద పడి ఉంటుంది, గోడలకి తగలకుండా చుట్టూ 6 నుంచి 10 మి.మీ. ఖాళీ వదులుతారు. దీన్నే ఫ్లోటింగ్ ఫ్లోర్ అంటారు. ఈ తాళం పద్ధతి వినైల్ కోసం పుట్టింది కాదు. 1990ల రెండో సగంలో లామినేట్ చెక్క పలకల కోసం స్వీడన్‌లో వాలింగే, బెల్జియంలో యూనిలిన్ అనే సంస్థలు దీన్ని తెచ్చాయి, వినైల్ తర్వాత అందుకుంది.

గమనించాల్సింది ఏమిటంటే, ఫ్లోటింగ్ నేలలో పలకల్ని కలిపి ఉంచేది ఆ నాలుక ఒక్కటే. 4 మి.మీ. పలకలో దాని మందం ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. కింద గచ్చు ఆనుకుని ఉన్నంతవరకూ మన బరువు నేరుగా గచ్చు మీదికి దిగుతుంది, నాలుక మీద భారం పడదు. కింద పల్లం ఉందంటే పలక ఆ పల్లం మీద వంతెనలా నిలబడుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ నాలుకా గాడీ కలిసే కీలు కిందికి వంగి పైకి లేస్తుంది. రోజుకి 100 సార్లు అక్కడ కాలు పడుతుందనుకుంటే ఎనిమిది నెలల్లో దాదాపు 24,000 సార్లు. ఇనప తీగనైనా అటూ ఇటూ అన్నిసార్లు వంచితే తెగుతుంది, సున్నపురాయి పొడి కలిపిన ప్లాస్టిక్ ఎంతకని ఓర్చుకుంటుంది?

“ఎస్‌పీసీ గట్టిది, కింద ఎగుడుదిగుడున్నా పైకి తెలీదు” అని షాపులో అంటారు. అందులో సగం నిజం. అతికించే పల్చటి వినైల్ కింద ఇసుక రేణువు మిగిలినా పైన మొటిమలా కనిపిస్తుంది, ఎస్‌పీసీ కింద చిన్న గుంటలు, గీతలు కనిపించవు. మిగతా సగం దీనికి తలకిందులు. గట్టిది కాబట్టే అది పల్లంలోకి ఒదగదు. మెత్తటి పలకకి కింది లోపం కంటికి కనిపిస్తుంది, గట్టి పలకకి అదే లోపం కీలు విరిగాక వినిపిస్తుంది.

మట్టం వేరు, చదును వేరు

ఈ విషయంలో ఎక్కువ డబ్బు, ఎక్కువ గందరగోళం ఇక్కడే. తాపీ మేస్త్రీ రసమట్టం పెట్టి చూసేది మట్టం: నేల ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకే ఎత్తులో ఉందా, వాలి ఉందా అని. పట్టీ నిలబెట్టి చూసేది చదును: నేల ఉపరితలం ఒకే పలకలా ఉందా, మధ్యలో మిట్టలూ పల్లాలూ ఉన్నాయా అని. మేజా కాళ్ళలో రెండిటి కింద ఇటుక పెడితే పైభాగం మట్టం తప్పుతుంది, చదును మాత్రం అలాగే ఉంటుంది.

వినైల్ పలకకి కావాల్సింది చదును. మట్టం అక్కర్లేదు. కంపెనీల సూచన పత్రాల్లో తరచుగా కనిపించే హద్దు 10 అడుగుల పొడవులో 3/16 అంగుళం, అంటే 3 మీటర్లకి సుమారు 5 మి.మీ. ఇలాంటి పలకలు పరిచే ముందు కాంక్రీటు నేలని సిద్ధం చేయడం గురించిన అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం ఎఫ్ 710 కూడా ఇదే చెబుతూ, అడుగు పొడవులో 1/32 అంగుళం, అంటే 0.8 మి.మీ. మించకూడదని కలుపుతుంది. ఈ రెండో అంకె చాలామంది చదవరు. 5 మి.మీ. తేడా మూడు మీటర్ల మీద మెల్లగా వస్తే పలక దాన్ని అనుసరిస్తుంది. అదే 5 మి.మీ. ఒక్క అడుగులో వస్తే అది గట్టు, పలక దాని మీద తక్కెడలా ఊగుతుంది.

మన పాత ఇళ్ళలో గచ్చుకి కావాలనే వాటం పెట్టేవాళ్ళు. పండగకి హాలు కడిగితే నీళ్ళు వసారా వైపుకో, వీధి గుమ్మం వైపుకో దానంతటదే పోవాలి. పెద్దమ్మ వాళ్ళ హాలు 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. నిమ్మకాయ వదిలితే వసారా గుమ్మం దాకా దొర్లుకుంటూ పోతుంది. ఆ 14 అడుగుల మీద వాటం 20 మి.మీ. పలకలు వేసేవాళ్ళు మొదటిరోజు రసమట్టం పెట్టి, “నేల లెవెల్ లేదమ్మా, మొత్తం సెల్ఫ్ లెవెలింగ్ పోయాలి, 11 బస్తాలు పడుతుంది” అన్నారట. సెల్ఫ్ లెవెలింగ్ అంటే నీళ్ళు కలిపి నేల మీద పోస్తే గంజిలా పరుచుకుని గట్టిపడే సిమెంటు మిశ్రమం. ఆ ఖర్చు విని పెద్దమ్మ వద్దంది. వాళ్ళు ఒక పొర ఫోమ్ ఎక్కువ వేసి సరిపెట్టారు.

వాళ్ళ లెక్క తప్పు కాదు. హాలు 168 చదరపు అడుగులు, అంటే 15.6 చదరపు మీటర్లు. వాటాన్ని పూర్తిగా మట్టానికి తేవాలంటే ఒక చివర 20 మి.మీ., రెండో చివర సున్నా, సగటున 10 మి.మీ. మందం పోయాలి. ఈ మిశ్రమం చదరపు మీటరుకి ఒక్కో మిల్లీమీటరుకి సుమారు 1.7 కిలోలు పడుతుంది. 15.6ని 10తో, దాన్ని 1.7తో గుణిస్తే 265 కిలోలు. 25 కిలోల బస్తాలు 11.

ఇప్పుడు అదే హాలుని చదును లెక్కన చూద్దాం. వాటం 14 అడుగుల పొడవునా ఒకే తీరుగా ఉంది, కాబట్టి పట్టీ పెడితే దాని కింద సందు రాదు. సందు వచ్చింది గుమ్మం దగ్గర ఒక్కచోటే, నాలుగడుగులకి ఐదడుగుల మేర, మధ్యలో 7 మి.మీ. పైచిలుకు. 20 చదరపు అడుగులంటే 1.86 చదరపు మీటర్లు. అంచుల్లో సున్నా, మధ్యలో లోతు కాబట్టి సగటు 4 మి.మీ. వేసుకున్నా 12.6 కిలోలు. ఒక్క బస్తాలో సగం.

పదకొండు బస్తాలు అక్కర్లేదు, ఒక్కటి చాలు అని చెప్పేవాళ్ళుంటే పెద్దమ్మ సంతోషంగా పోయించుకునేది. ‘లెవెల్’ అన్న ఒక్క మాటని రెండర్థాల్లో వాడటం వల్ల ఆవిడ ముందు రెండే దారులు కనిపించాయి: అంతా చేయించడం, ఏమీ చేయించకపోవడం. నాకు బాధ కలిగించింది అదే.

ముందు మిట్టల లెక్క

పల్లం కనపడగానే పూడ్చాలనిపిస్తుంది. చాలాసార్లు అది పల్లం కాదు, రెండు పక్కలా ఉన్న మిట్టల మధ్య మామూలు నేల. పట్టీ మిట్ట మీద ఆనితే అటూ ఇటూ సందు కనిపిస్తుంది, చూసేవాళ్ళకి రెండు పల్లాలుగా తోస్తుంది. ఉదాహరణకి అదే కొలతల హాల్లో మధ్యగా, రెండు విడతల కాంక్రీటు కలిసిన గీత వెంట 5 మి.మీ. గట్టు ఉందనుకుందాం. గట్టు ఎత్తుకి రెండు పక్కలా నింపుకొస్తే సగటు 2.5 మి.మీ. చొప్పున 66 కిలోలు, అంటే మూడు బస్తాలు. ఆ గట్టునే డైమండ్ కప్పు బిగించిన గ్రైండర్‌తో అరగదీస్తే బస్తాతో పనే లేదు. అందుకే అనుభవమున్నవాళ్ళు పట్టీని గదంతా నిలువుగా, అడ్డంగా, మూలకి మూలకి తిప్పి, మిట్టల చుట్టూ ఒక రంగు సుద్దతో, పల్లాల చుట్టూ ఇంకో రంగుతో గీతలు గీసి, మిట్టలు తీసేశాకే మళ్ళీ కొలుస్తారు.

గచ్చు అరగదీయడంలో ఒక ప్రాణాంతకమైన సంగతి ఉంది. ఆ దుమ్ములో కంటికి కనపడని స్ఫటిక సిలికా ఉంటుంది. ఏళ్ళ తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, దెబ్బతిన్న ఊపిరితిత్తి మళ్ళీ బాగుపడదు. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో దీనికి ఎనిమిది గంటల సగటు మీద ఘనపు మీటరు గాలిలో 50 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. గ్రైండర్‌కి మూత, దానికి వ్యాక్యూమ్ తగిలించడం అక్కడ మామూలు. మన దగ్గర మొహానికి తువ్వాలు చుట్టుకుని ఆ తెల్లటి పొగలో కూర్చుని పనిచేసే కుర్రాళ్ళని చూస్తూనే ఉన్నాం. తువ్వాలు ఆ దుమ్ముని ఆపదు. ఈ పనికి ఇచ్చే కొటేషన్‌లో వ్యాక్యూమ్ అద్దె కూడా ఒక వరుసగా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఫోమ్ మీద రెండు వాదాలు

ఒక వాదం: ఫోమ్ మెత్తగా ఉంటుంది కాబట్టి పల్లాలని నింపుతుంది. రెండోది: ఫోమ్ దేన్నీ నింపదు. నేను రెండో పక్షమే, అయితే మొదటివాళ్ళు చూసినదాన్ని కొట్టిపారేయను. గరుకు గచ్చు మీద, ఇసుక రేణువంత తేడాల మీద పల్చటి ఫోమ్ నిజంగా పనిచేస్తుంది. అడుగుల చప్పుడు కింది వాటాకి దిగకుండా కాస్త ఆపుతుంది కూడా.

ఫోమ్ మందం మాత్రం గదంతా ఒకటే. మిట్ట మీదా 2 మి.మీ., పల్లంలోనూ 2 మి.మీ. దుప్పటి పరిస్తే మంచం మీది గుంట పూడదు కదా. పైగా మందం పెరిగేకొద్దీ పలక కింద మెత్తదనం పెరుగుతుంది, చదునుగా ఉన్న చోట కూడా కీలు అడుగడుక్కీ వంగుతుంది. పరుపు మీద పలక పెట్టి దాని మీద నడిచినట్టు ఉంటుంది. ఎస్‌పీసీ పలకల అడుగున ఒకటి, ఒకటిన్నర మి.మీ. ఫోమ్ ఫ్యాక్టరీలోనే అతికించి వస్తోంది. దాని కింద ఇంకో పొర వేస్తే వారంటీ వర్తించదని చాలా కంపెనీలు రాస్తున్నది ఇందుకే.

పోసే మిశ్రమం దానంతటదే సర్దుకుంటుందా

సెల్ఫ్ లెవెలింగ్ అన్న పేరు కొంచెం మోసం చేస్తుంది. అది సన్నటి సిమెంటు, సన్నటి ఇసుక, పాలిమర్, బాగా పారేలా చేసే మందులు కలిపిన పొడి. నీళ్ళు కలిపితే గంజిలా జారుతుంది. పోశాక పావుగంట, ఇరవై నిమిషాలే చేతిలో ఉంటుంది, తర్వాత బిగుసుకుంటుంది. కొంతవరకు తనంతట తను పరుచుకున్నా, పళ్ళ రేక్‌తో లాగి, ముళ్ళ రోలర్‌తో గాలి తీయాల్సిందే. చిన్న పల్లానికి ఇంత పారేది కాకుండా, లప్పంలా తాపీతో లాగే ప్యాచ్ మిశ్రమాలూ దొరుకుతాయి.

ఇది చెడేది ఎక్కువగా రెండు చోట్ల. మొదటిది నీళ్ళు. బస్తా మీద ఇన్ని లీటర్లని ఖచ్చితంగా రాసి ఉంటుంది. ఇంకాస్త పారాలని మగ్గెడు ఎక్కువ పోస్తే ఇసుక కిందికి దిగి, నీళ్ళూ సన్నపొడీ పైకి తేలి, ఆరాక పైపొర గోటితో గీకితే లేచొస్తుంది. సిమెంటు మాలుకి కంటి అంచనాతో నీళ్ళు కలిపే అలవాటున్న చేతికి ఇక్కడ కొలత పాత్ర పట్టుకోవడం కష్టంగానే ఉంటుంది.

రెండోది ప్రైమర్. పీల్చే గచ్చు మీద నేరుగా పోస్తే గచ్చు నీళ్ళు లాగేసుకుంటుంది, గచ్చు రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకొచ్చి సూది బెజ్జాలు మిగులుతాయి. పాలిష్ పట్టిన మొజాయిక్, రెడ్ ఆక్సైడ్ గచ్చు, నున్నటి తాండూరు బండల మీద కథ వేరు. అవి అసలు పీల్చవు, అందుకే మిశ్రమం పట్టుకోదు. నాలుగు నీటి చుక్కలు వేసి చూస్తే తేడా తెలుస్తుంది: చుక్క ఇంకిపోయి నేల నల్లబడితే పీల్చే గచ్చు, ముత్యంలా అలాగే నిలబడితే నున్నటి నేల. రెండిటికీ వేర్వేరు ప్రైమర్లున్నాయి. నున్నటిదాన్ని ముందు గరుకు చేయాలి కూడా. ఇక బండలు పరిచిన ఇంట్లో వేలితో తడితే డొల్లగా మోగే బండ పైన ఎంత మంచి మిశ్రమం పోసినా, కింద కదిలే బండతో పాటే అదీ పగులుతుంది.

చదునైనా చెమ్మ ఉంటే

ఇది పూర్తిగా వేరే ప్రశ్న, అద్దంలాంటి గచ్చుకీ వర్తించేది. “వాటర్‌ప్రూఫ్ పలక, కింద చెమ్మ ఉంటే ఏం?” అన్నది తరచుగా వినే మాట. నీళ్ళలో నానబెట్టినా పలక ఉబ్బదన్నది నిజమే. వాటర్‌ప్రూఫ్ అన్న మాట పలకకే వర్తిస్తుంది. పలక కిందున్న జిగురుకీ, గోడ మొదలుకీ, మూలన పెరిగే బూజుకీ వర్తించదు.

నేల మీది అంతస్తులో గచ్చు కింద మట్టి ఉంటుంది. పాత ఇళ్ళలో ప్లింత్ మీద గోడలకి చెమ్మ ఎక్కకుండా డీపీసీ పొర వేశారే కానీ, గదుల్లో మొరం నింపి దాని మీద ఒట్టి కాంక్రీటు బెడ్డు, ఆ పైన గచ్చు చేశారు. మధ్యలో ప్లాస్టిక్ షీటు లేదు. మట్టిలోని తేమ, దీపం వత్తి నూనెని లాగినట్టు, కాంక్రీటు సన్నటి రంధ్రాల గుండా పైకి వస్తూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ అది గదిలోని గాలిలో కలిసిపోయింది కాబట్టి మనకి తెలియలేదు. దాని మీద ప్లాస్టిక్ పలక మూత పెడితే పోవడానికి దారి ఉండదు. చెమ్మతో పాటు కాంక్రీటులోని క్షారం పైకొచ్చి జిగురుని మెత్తబరుస్తుంది. ఫ్లోటింగ్ నేలకి జిగురు లేదు కాబట్టి ఆ గొడవ తక్కువే, కానీ కింద తడి నిలిచి ముక్కవాసన పడుతుంది, అంచుల్లో తెల్లటి ఉప్పు పేరుతుంది.

కొత్త ఇళ్ళలో ఇంకో పొరపాటు ఉంది. “28 రోజులు తడిపాం, ఇక ఆరినట్టే” అంటారు. 28 రోజులన్నది కాంక్రీటు బలం లెక్క, ఆరడం లెక్క కాదు. తడపడం ఆపాకే ఆరడం మొదలవుతుంది. అంగుళం మందానికి నెల అన్నది పాత మోటు లెక్క. అంటే నాలుగంగుళాల స్లాబుకి తడపడం ఆపిన తర్వాత నాలుగు నెలలు, విశాఖ లాంటి సముద్రపు గాలిలో వానాకాలం పడితే ఇంకా ఎక్కువ.

చెమ్మని కొలవడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటుని అంచులన్నీ టేపుతో మూసి ఒక రాత్రంతా వదిలి, కింద నీటి బిందువులు పట్టాయేమో చూడటం ఒకటి. పైసా ఖర్చు లేదు. బిందువులు కనపడితే చెమ్మ ఉన్నట్టే. కనపడకపోతే మాత్రం లేనట్టు కాదు, ఆ రాత్రి గదీ గచ్చూ ఎంత వెచ్చగా ఉన్నాయన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. రెండోది కాల్షియం క్లోరైడ్ పరీక్ష. నీటిని పీల్చే ఆ ఉప్పుని గచ్చు మీద మూతపెట్టి 60 నుంచి 72 గంటలు ఉంచి, ఎంత బరువు పెరిగిందో తూస్తారు. ఇది పైపొర నుంచి వచ్చేదాన్నే చెబుతుంది.

మూడోది ఏఎస్‌టీఎం ఎఫ్ 2170. స్లాబు మందంలో 40 శాతం లోతుకి బెజ్జం వేసి, అందులో తేమ కొలిచే గొట్టం పెట్టి, 24 గంటలాగి చూస్తారు (2018కి ముందు 72 గంటలు ఆగాల్సి వచ్చేది). 40 శాతమే ఎందుకంటే: ఒకవైపు నుంచే ఆరే స్లాబు పైన పొడిగా, అడుగున తడిగా ఉంటుంది. మందపాటి దుప్పటి మడత పెట్టి ఆరేస్తే పైన తడిమితే ఆరినట్టుంటుంది, మడత విప్పితే చల్లగా తగులుతుంది కదా, అలాగే. పైన పలక మూత పడ్డాక తేమ లోపలంతా సమంగా సర్దుకుంటుంది. అలా సర్దుకున్నాక పైపొరలో ఎంత ఉండబోతోందో, ఆ 40 శాతం లోతులో ఇప్పుడున్న తేమ దాదాపు అంతే చెబుతుంది. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన దీనికి ఆధారం. బెజ్జంలోని గాలిలో ఉండే సాపేక్ష తేమకి కంపెనీని బట్టి 75 నుంచి 90 శాతం మధ్య ఏదో ఒక హద్దు రాసి ఉంటుంది.

పలకల కింద ప్లాస్టిక్ షీటు వేస్తే సరిపోదా అంటే, ఫ్లోటింగ్ నేలకి మామూలు చెమ్మ వరకు సాయపడుతుంది. వానాకాలంలో గచ్చు మీద అడుగు పెడితే పాదం తడిసే ఇంట్లో అది చెమ్మని దాచి గోడల వైపు తోస్తుంది, అంతే.

డాలస్‌లో కూడా నల్లరేగడే

పలకల కింది నేల గురించిన ప్రశ్న నాకు ఎక్కువగా వచ్చేది అమెరికాలోని టెక్సస్‌లో స్థిరపడ్డ మన వాళ్ళ నుంచి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్ళలో ఇల్లు కొన్నాక కార్పెట్ పీకేసి వినైల్ పలకలు వేయించుకోవడం మామూలు. కార్పెట్ కింద బయటపడేది నేరుగా నేల మీద పోసిన కాంక్రీటు స్లాబు. ఆ నేల పేరే బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. మన గుంటూరు, కర్నూలు నల్లరేగడి లాంటిదే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, ఒకప్పుడు అక్కడా పత్తి పండించారు. వేసవిలో ఇంటి అంచుల కింద మట్టి ఎండి కుంగితే స్లాబు కాస్త వంగుతుంది, వానలకి మళ్ళీ లేస్తుంది. మేలో చదునుగా ఉన్న హాలు సెప్టెంబరులో హద్దు దాటొచ్చు. అందుకే అక్కడి కొందరు పనివాళ్ళు ఇంటి చుట్టూ మట్టిలో తేమ నిలకడగా ఉంచాకే పోత పోయమంటారు. ఈ కదలిక మొత్తానికి ఆగేది కాదు కాబట్టి హద్దుకి బాగా లోపల ఉండేలా చేసి వేసేయడం మేలని ఇంకొందరంటారు. కొత్త పగుళ్ళు, బిగుసుకునే తలుపులు ఉన్న ఇంట్లో నాకు మొదటి మాటే సబబనిపిస్తుంది.

ఆ మట్టిని తట్టుకోవడానికే అక్కడి చాలా స్లాబుల్లో ఉక్కు తీగల్ని బిగించి లాగి ఉంచుతారు, పోస్ట్ టెన్షన్ అంటారు. గ్యారేజీ నేల మీద ‘కోయకండి, బెజ్జం వేయకండి’ అని ముద్ర ఉంటుంది. తేమ పరీక్షకి బెజ్జం వేసేటప్పుడు తీగ తెగితే అది పెద్ద శక్తితో విదిలించుకుంటుంది. తీగలెక్కడున్నాయో స్కాన్ చేసే పరికరం ఉన్నవాళ్ళే అక్కడ డ్రిల్ పట్టాలి. ఇంకొకటి: ఇల్లు కట్టేటప్పుడు గోడల మీద చిమ్మిన రంగు, గోడ అతుకులకి పూసిన లప్పం కార్పెట్ కింద స్లాబు మీదే ఎండి ఉంటాయి. అవి గీకకుండా పోత పోస్తే పోత ఆ రంగునే పట్టుకుంటుంది, రంగు ఊడినప్పుడు తనూ ఊడుతుంది.

న్యూజెర్సీలో పాత ఇళ్ళు కొన్నవాళ్ళకి వేరే జాగ్రత్త అవసరం. 1980లకి ముందు కట్టిన ఇళ్ళ బేస్‌మెంట్లలో 9 అంగుళాల చదరపు బిళ్ళలు, వాటి కింద నల్లటి తారు జిగురు కనపడితే వాటిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ల్యాబులో పరీక్ష చేయించే దాకా దాన్ని అరగదీయడం, గీకడం రెండూ ప్రమాదమే.

అసలు వేయించుకోవాలా అన్న ప్రశ్న

వద్దనేవాళ్ళ మాటలో బలముంది. మన ఇళ్ళలో నేల కడగడం అలవాటు, ఫ్లోటింగ్ నేల మీద బకెట్లతో నీళ్ళు గుమ్మరిస్తే అంచుల్లోంచి కిందికి దిగుతాయి, మళ్ళీ రావు. నిండుగా బట్టలున్న ఇనప బీరువా ఒక గోడకి, గోడకి బిగించిన వార్డ్‌రోబ్ ఎదురు గోడకి పలకల మీదే కూర్చుంటే, వేడికి సాగడానికి చోటు లేక మధ్యలో కీళ్ళు విడిపోతాయి. బాల్కనీ అద్దాల్లోంచి మధ్యాహ్నపు ఎండ పడే చోట ఇది ఇంకా ఎక్కువ. వందేళ్ళు నిలిచే తాండూరు బండ మీద ఇరవై ఏళ్ళ ప్లాస్టిక్ కప్పడం ఏమిటన్న బాధ కూడా న్యాయమైనదే.

కావాలనేవాళ్ళ కారణాలూ తేలికవి కావు. పగలగొడితే వచ్చే దుమ్ములో ముసలివాళ్ళు ఉండలేరు. చలికాలంలో బండ మీద కాలు పెట్టలేని మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇది వెచ్చగా ఉంటుంది. పాత స్లాబు మీద టైలూ మాలూ వేస్తే చదరపు మీటరుకి ఎక్కే బరువుతో పోలిస్తే పలకల బరువు చాలా తక్కువ. పై అంతస్తు, చెమ్మ లేని గచ్చు, పోత పోశాక హద్దులోకి వచ్చే చదును — ఈ మూడూ ఉన్న ఇంట్లో వీళ్ళ వైపే మొగ్గుతాను. కింది అంతస్తులో, ఊటబావి పక్క ఇంట్లో, గచ్చు మీద ప్రతి శ్రావణంలోనూ ఉప్పు తేలే చోట పాత గచ్చునే ఉంచుకోమంటాను.

పెద్దమ్మ ఇంట్లో మొదటి మూడూ ఉన్నాయి. హాల్లో సగం పలకలు విప్పి గోడవారన పేర్చాం. అదనంగా వేసిన ఫోమ్ తీసేశాం. గుమ్మం దగ్గర పల్లానికి ప్రైమర్ పూసి, ఒక బస్తా తెచ్చి, కొలత జాడీతో నీళ్ళు పోసి కలిపితే సగానికి కొంచెం ఎక్కువ పట్టింది. మర్నాడు పట్టీ కింద ఒక్క రూపాయి బిళ్ళ కూడా దూరలేదు. నాలుకలు విరిగిన ఆరు పలకల బదులు మిగిలిపోయిన పెట్టెలోవి వేశాం. సాయంత్రం పెద్దమ్మ వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి హాలు మొదట్లో వదిలింది. అది మునుపటిలాగే మెల్లగా వసారా గుమ్మం దాకా దొర్లుకుంటూ పోయింది. దాని వెనకే ఆవిడ నడిచింది, మూడో అడుగు దగ్గర ఆగి, మడమ గట్టిగా నొక్కి, చెవి ఒగ్గి విన్నది.